తోలు లేని యాక్సెసరీల వ్యాపారం: వస్తువులోని ప్రతి పొరకూ లెక్క ఉండాలి

మీరు ఇంట్లో చేతితో పర్సులు, భుజానికి వేసుకునే సంచులు, బెల్టులు, చెవిపోగులు తయారుచేసి తెలిసినవారికి అమ్ముతున్నారు. జంతువుల నుంచి వచ్చిన పదార్థమేదీ వాడకుండా, దీన్నొక చిన్న వీగన్ వ్యాపారంగా నిలబెట్టాలనుకుంటున్నారు. ఏ పదార్థం ఎంచుకోవాలి, వీగన్ అని ధ్రువపత్రం తీసుకోవాలా, ధర ఎలా కట్టాలి, ఉద్యోగం ఎప్పుడు మానవచ్చు అన్నవి మీరు రాసి పంపిన నాలుగు ప్రశ్నలు. చాలాకాలంగా ఈ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి, ఈ నాలుగింటి వేరూ ఒక్కచోటే ఉందని నమ్మకంగా చెప్పగలను. కొనేవారు మీ దగ్గర సంచితోపాటు ఒక మాటను కూడా కొంటారు; ఇందులో ఏ జీవి శరీరం నుంచి వచ్చినదీ లేదన్నదే ఆ మాట. పైబట్ట మొదలుకొని లోపలి జిగురు దాకా ప్రతి పొర విషయంలోనూ ఆ మాటను మీరు ఆధారంతో చెప్పగలిగితే పదార్థం ఎంపిక, ధ్రువపత్రం, ధర అన్నీ ఒక క్రమంలోకి వస్తాయి.

అందుకే పదార్థం కొనడానికి ముందు ఒక పుస్తకం పెట్టమని చెబుతాను. ఒక్కో నమూనాకు ఒక్కో పేజీ కేటాయించి, అందులో పైబట్ట, దాని వెనక అంటించిన గుడ్డ, అస్తరు, మధ్యలో గట్టిదనం కోసం పెట్టే పొర, దారం, దారానికి పట్టించిన మైనం, జిగురు, అంచులకు పూసే రంగు, జిప్పు, బకిల్, బొత్తం, చివరికి ధర చీటీని కట్టే తాడు కూడా రాయండి. ప్రతిదాని పక్కన అమ్మినవారి పేరు, కొన్న తేదీ, బ్యాచ్ సంఖ్య, అందులో జంతు పదార్థం లేదని వారు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు ఉండాలి. ఫోనులో చెప్పిన మాటను ఆధారంగా లెక్కపెట్టకండి. అమ్మకందారు రాసివ్వడానికి వెనకాడితే ఆ సరుకు మీకు పనికిరాదని అనుకోవడమే మంచిది, ఎందుకంటే రేపు కొనుగోలుదారు అదే ప్రశ్న మిమ్మల్ని అడిగినప్పుడు మీ దగ్గరా జవాబు ఉండదు.

తోలు లేనంత మాత్రాన వస్తువు వీగన్ అయిపోదు. పొరపాటు ఎక్కువగా జరిగేది కంటికి కనిపించని చోట్లే. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగుర్లూ, పాలలోని కేసీన్‌తో చేసిన జిగుర్లూ ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాలీక్లోరోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేసే సింథటిక్ కాంటాక్ట్ జిగుర్లలో సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు. చేతికుట్టుకు వాడే నార దారానికి తేనెమైనం పట్టించి ఉండవచ్చు. మైనపు పూత వేసిన కాన్వాసు గుడ్డలోనూ తేనెమైనం కలిసి ఉండవచ్చు. చెక్కపూసల మీద మెరుపు కోసం పూసే లక్క ఒక కీటకం స్రవించే పదార్థం. కార్మైన్ అనే ఎర్రరంగును కోచినీల్ పురుగుల నుంచి తీస్తారు. ఫెల్టు అనే ఒత్తిన గుడ్డ ఊలుతో చేసినది కావచ్చు. రిబ్బన్లలోనూ కుచ్చుల్లోనూ పట్టు ఉండవచ్చు. బొత్తాలు ముత్యపు చిప్ప, కొమ్ము, ఎముకలతో చేసినవి కావచ్చు. చెవిపోగులు చేస్తున్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా గమనించండి: నకిలీ ముత్యాల్లో కొన్నింటికి ఆ మెరుపు చేప పొలుసుల నుంచి తీసిన పదార్థంతో వస్తుంది. నకిలీదే కదా అని నిశ్చింతగా కొనేసే వస్తువు అది. మైకా పూతతో మెరుపు తెచ్చిన పూసలు అడిగి తీసుకోండి. బొత్తాలకైతే కొబ్బరి చిప్ప, టాగువా అనే తాటిజాతి గింజ చక్కగా పనికొస్తాయి.

ఇలా తవ్వుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలియదు. ప్లాస్టిక్, రబ్బరు తయారీలో వాడే స్టియరిక్ ఆమ్లం జంతు కొవ్వు నుంచీ రావచ్చు, మొక్కల నూనె నుంచీ రావచ్చు. జిప్పు చేసిన కంపెనీకే అది తెలియకపోవచ్చు. 1944లో బ్రిటన్‌లో ఏర్పడిన వీగన్ సొసైటీ ఆ మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ‘సాధ్యమైనంత, ఆచరణీయమైనంత మేరకు’ అన్న షరతు ఉంది. మీరు అడగగలిగినదంతా అడిగి, దొరికిన జవాబును రాసిపెట్టి, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకుండా ఉంటే చాలు.

ఇక పదార్థాలు. తోలుకు బదులుగా మీకు ఎక్కువగా కనిపించేవి పాలీయురేథేన్ పూత వేసిన గుడ్డ, పీవీసీ పూత వేసిన గుడ్డ. మన వాడుకలో రెండూ రెక్సినే. పీవీసీ నీటికి తట్టుకుంటుంది గానీ, దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనాలు కాలక్రమంలో బయటికి వస్తాయి; అప్పుడది బిరుసెక్కడమో జిడ్డుగా అంటుకోవడమో జరుగుతుంది. ఆ రసాయనాల్లో థాలేట్ల మీద అనేక దేశాల్లో నిబంధనలు ఉన్నాయి. పాలీయురేథేన్ చేతికి హాయిగా ఉంటుంది, మడతకు లొంగుతుంది. అయితే గాలిలోని తేమ వల్ల దాని అణువుల గొలుసులు తెగిపోయే గుణం అందులో ఉంది. ఏ వాడకమూ లేకుండా అలమరాలో ఉన్న సంచి కొన్నేళ్లకు పొలుసులుగా రాలిపోవడం మీరు చూసే ఉంటారు; దానికి కారణం ఇదే. ఇక్కడ తెలుసుకోవలసింది, పాలీయురేథేన్ అంతా ఒకటి కాదని. పాలిస్టర్ రకం తేమకు త్వరగా లొంగుతుంది, పాలీఈథర్ రకం అంతకంటే నిలుస్తుంది, పాలీకార్బొనేట్ రకం అన్నింటికంటే ఎక్కువ కాలం ఉంటుంది. సరఫరాదారుని సాంకేతిక వివరాల పత్రం అడగండి. 70 డిగ్రీల వేడిలో, 95 శాతం తేమలో ఎన్ని వారాలు నిలిచిందో అందులో ఉందేమో చూడండి. ఐఎస్ఓ 1419 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ తరహా పరీక్షల గురించినదే. నాకైతే పదార్థం ఎంపికలో రంగు, మెరుపు, ధర కన్నా ముందు చూసే అంకె అదే.

మొక్కల పేర్లతో వచ్చే పదార్థాల మీద మీకు ఆసక్తి ఉండవచ్చు. అనాస ఆకుల నారతో చేసే పిన్యాటెక్స్, మెక్సికోలో 2019లో వచ్చిన నాగజెముడు పదార్థం డెసెర్టో, ద్రాక్ష పిప్పితో చేసే వెజియా, ఆపిల్ పిప్పితో చేసేవి, అన్నీ శ్రద్ధగా చేసిన ప్రయత్నాలే. నేను వాటిని గౌరవిస్తాను. అయితే వీటిలో చాలావాటికి బలాన్నీ నీటిని ఆపే గుణాన్నీ ఇచ్చేది పాలీయురేథేన్ పూతో మరో రెసినో అన్న సంగతి మీరు తెలుసుకుని అమ్మాలి. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఉన్న ఫిల్క్ అనే పరిశోధన సంస్థ 2021లో తోలునూ ఇలాంటి ప్రత్యామ్నాయాలనూ పక్కపక్కన పెట్టి పరీక్షించి, తోలుకున్న గుణాలన్నీ ఒక్కచోట ఉన్న ప్రత్యామ్నాయం వాటిలో ఏదీ లేదని తేల్చింది. ఇది నిరాశపడవలసిన విషయం కాదు. ఏ పదార్థం ఏ పనికి సరిపోతుందో చూసుకోమని అర్థం. రోజూ లాగే బెల్టుకూ భుజం పట్టీకీ ఒకటి, జేబులో కదలకుండా ఉండే కార్డుల పర్సుకు మరొకటి. కొత్త పదార్థం ఒక్కదాని మీదే మొత్తం వ్యాపారాన్ని నిలబెట్టకండి కూడా. శిలీంధ్రాల వేరులాంటి పోగులతో చేసే మైలో అనే పదార్థానికి పెద్ద పెద్ద ఫ్యాషన్ సంస్థల మద్దతు ఉండేది. అయినా 2023లో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేవి రెండే: దట్టమైన నూలు కాన్వాసు, కార్క్ గుడ్డ. కార్క్ ఓక్ చెట్టును నరకరు. బెరడును మాత్రమే ఒలుస్తారు. చెట్టుకు సుమారు పాతికేళ్లు వచ్చాక మొదటిసారి, ఆ తరవాత తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తారు. ప్రపంచంలో దొరికే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. పలుచని కార్క్ పొరను గుడ్డకు అంటించి అమ్ముతారు కాబట్టి, ఆ గుడ్డ దేనితో చేశారో, అంటించిన జిగురు ఏమిటో మీ పుస్తకంలోకి ఎక్కించాలి. తేలిగ్గా ఉంటుంది, తడిని తట్టుకుంటుంది, మామూలు కుట్టుమిషనుతోనే కుట్టవచ్చు.

పత్రాలు చదివినా, ప్రతి కొత్త సరుకునూ మీ చేతులతో పరీక్షించక తప్పదు. అందుకోసం మొదట గుడ్డ చుట్ట (రోలు) మొత్తం కొనకుండా ఒక మీటరు తెప్పించుకోండి. ఒక ముక్కను ఒకే గీత మీద వందలసార్లు మడిచి పూత చిట్లుతుందేమో చూడండి. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు దిగుతుందేమో చూడండి. లేత రంగు ముక్క మీద ముదురు జీన్స్ గుడ్డను రుద్ది, ఆ రంగు దీనికి పడుతుందేమో కూడా చూడండి, ఎందుకంటే లేత రంగు సంచుల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. చేతులకు రాసుకునే శానిటైజర్ చుక్క, సన్‌స్క్రీన్ మరక వేసి మర్నాడు పరిశీలించండి. పూర్తి చేసిన సంచిలో, మామూలుగా మోయవలసిన బరువుకు మూడింతలు పెట్టి వారం రోజులు కొక్కేనికి వేలాడదీయండి. సంచి తెగేది గుడ్డ దగ్గర కాదు, పట్టీ అతుకు దగ్గర. అక్కడ లోపల ఒక బలమైన నేత పట్టీ ముక్కను పెట్టి, చతురస్రంలో అడ్డంగా గుణకారం గుర్తు వచ్చేలా కుట్టండి. ఫలితాలను తేదీతో సహా అదే పేజీలో రాయండి.

కుట్టు విషయంలో నాలుగు మాటలు చాలు. పూత గుడ్డ మీద గుండుసూది గుచ్చితే ఆ రంధ్రం పోదు, కాబట్టి క్లిప్పులు వాడండి. కుట్టు పొడవు మూడు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. అంతకంటే దగ్గరగా కుడితే ఆ రంధ్రాల వరసే చిరిగే దారి అవుతుంది. తోలు కోసమని అమ్మే కత్తిమొన సూది పూత గుడ్డను కోసేస్తుంది. కత్తి అంచు లేని, సన్నని పదునైన మొన ఉన్న సూదీ పాలిస్టర్ దారమూ వాడండి. మిషనులో గుడ్డను నొక్కిపట్టే మామూలు ఫుట్ కింద గుడ్డ కదలక అతుక్కుపోతుంటే, నున్నగా జారే టెఫ్లాన్ ఫుట్ వేయండి.

చెవిపోగుల విషయంలో వీగన్ కావడం ఒక్కటే సరిపోదు; చర్మానికి తగిలే లోహం వల్ల హాని కలగకూడదు. నికెల్ వల్ల చర్మం మీద దద్దుర్లు రావడం చాలామందికి ఉన్న బాధ. యూరోపియన్ యూనియన్‌లో, చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ వెలువడకూడదు. చెవి వంటి చోట కుట్టిన రంధ్రంలో ఉండే భాగాలకు ఆ పరిమితి 0.2 మాత్రమే. నగల్లో సీసం 0.05 శాతం, కాడ్మియం 0.01 శాతం దాటకూడదు. మీరు ఎక్కడ అమ్మినా ఈ అంకెలనే మీ కొలతగా పెట్టుకోండి. చెవి కొక్కేలకు టైటానియం, నయోబియం మంచివి. పేరు చెప్పకుండా ‘మిశ్రమ లోహం’ అని అమ్మేవాటిని చెవికి పెట్టవద్దు.

ఇప్పుడు వస్తువు మీద ఏమి రాయాలన్నది. నా సలహా ఏమిటంటే, వర్ణనలో మొదటి వాక్యం పదార్థం పేరే కావాలి: ‘పైభాగం పాలీయురేథేన్ పూత వేసిన పాలిస్టర్ గుడ్డ, అస్తరు నూలు, దారం పాలిస్టర్, బకిల్ ఇత్తడి’. తోలు అనే మాటను దానికి జతచేసి రాయడంలో చిక్కులున్నాయి. ఇటలీలో 2020లో వచ్చిన చట్టం జంతువుల నుంచి రాని పదార్థాలకు తోలు అనే అర్థమిచ్చే మాటలను వాడకుండా ఆపింది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు కూడా తోలులా కనిపించే వస్తువు తోలు కాదని కొనేవారికి స్పష్టంగా చెప్పాలంటాయి. పర్యావరణం గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. వీగన్ కావడం ఒకటి, ప్రకృతికి మేలు చేయడం మరొకటి. పెట్రోలియం నుంచి వచ్చిన పూత గుడ్డ పూర్తిగా వీగనే, కానీ అది మట్టిలో కలిసిపోదు. ఆధారం చూపకుండా ‘పర్యావరణహితం’ వంటి మాటలు రాయడాన్ని నిషేధించే యూరోపియన్ యూనియన్ నిబంధనలు 2026 సెప్టెంబరు 27 నుంచి అమలులోకి వచ్చేలా నిర్ణయించారు. ఆ ఊరించే మాటలకు బదులు, ‘ఇది ఇన్నేళ్లు వాడుకోవడానికి ఉద్దేశించినది, జిప్పు పాడైతే మార్చి ఇస్తాను’ అని రాయండి. అది మీరు నిలబెట్టుకోగల మాట.

ధ్రువపత్రం మొదటి రోజునే అక్కర్లేదు. వీగన్ సొసైటీ గుర్తు 1990 నుంచి ఉంది, ఆహారేతర వస్తువులకూ ఇస్తారు. జంతు హక్కుల కోసం పనిచేసే పెటా సంస్థకూ ఇలాంటిదే ఒక గుర్తు ఉంది. అటువంటి గుర్తు కోసం మీరు సిద్ధం చేసుకోవలసిన సమాచారం, నేను పైన చెప్పిన పుస్తకంలో ఉండేదే. కాబట్టి ముందు పుస్తకం నింపండి. అపరిచితులకు, ముఖ్యంగా దుకాణాల ద్వారా అమ్మడం మొదలయ్యాక గుర్తు ఖర్చుకు ఫలితం ఉంటుంది. మీ పేరు తెలిసినవారికే అమ్ముతున్నంతకాలం ఆ డబ్బును మంచి జిప్పుల మీద పెట్టండి.

ధర దగ్గర చేతిపనివారు తమకు తామే అన్యాయం చేసుకోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. పదార్థం ఖర్చును రెండు రెట్లు చేసి ధర అనుకోవడం లెక్క కాదు, ఎందుకంటే ఈ పనిలో పెద్ద ఖర్చు మీ సమయం. నెలకు 160 గంటలు పనిచేస్తారనుకుందాం. అందులో ఫొటోలు తీయడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, సరుకు వెతకడం, పెట్టెలు కట్టడం పోగా కత్తిరింపుకూ కుట్టుకూ 90 గంటలే మిగిలాయనుకోండి. మీకు నెలకు కావలసిన జీతాన్నీ, మిషను మరమ్మతు, కరెంటు, అద్దె వంటి స్థిర ఖర్చులనూ కలిపి 160తో కాదు, 90తో భాగించాలి. ఒక గంట కుట్టుపని నిజమైన వెల అప్పుడే తెలుస్తుంది. ఒక సంచికి ఎంత సమయం పడుతుందో కూడా ఒకటి కుట్టి చూసి నిర్ణయించకండి. పది ఒకేసారి కత్తిరించి, ఒకేసారి అంచులు వేసి, ఒకేసారి కుట్టి, మొత్తాన్ని పదితో భాగించండి.

కమిషన్ లెక్కలో మరో చిన్న కిటుకు ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల వేదిక కమిషన్, చెల్లింపు రుసుము కలిపి పది శాతమైతే, ఖర్చుకు పది శాతం కలిపితే సరిపోదు. ఖర్చు 900 అయితే పది శాతం కలిపి 990కి అమ్మితే, 99 కమిషన్‌గా పోయి చేతికి 891 వస్తాయి. 900ను 0.9తో భాగించి 1,000 పెట్టాలి. కొన్ని వేదికలు పంపే ఖర్చు మీద కూడా కమిషన్ తీసుకుంటాయి. చేతిపని వస్తువులు అమ్మే ఎట్సీ అనే వేదిక 2022 ఏప్రిల్ నుంచి తీసుకుంటున్న 6.5 శాతం అలాంటిదే. దుకాణాలకు ఇచ్చేటప్పుడు చిల్లర ధరలో దాదాపు సగానికే ఇవ్వవలసి రావచ్చు. అంటే ఆ సగంలోనే మీ ఖర్చూ కూలీ మిగులూ ఉండేలా చిల్లర ధరను మొదటి నుంచే కట్టాలి. ఈరోజు దుకాణాలకు ఇవ్వడం లేదని తక్కువ ధర పెడితే, రేపు ఆ తలుపు మీకు మూసుకుపోతుంది. మీ సొంత అమ్మకం ధరను దుకాణం ధర కంటే తగ్గించడం కూడా వారి పట్ల న్యాయం కాదు.

ఇన్ని రకాలు చేయడం మాత్రం తగ్గించుకోండి. నాలుగైదు నమూనాలు, రెండు మూడు రంగులు, అన్నింటికీ ఒకే కొలత బకిల్, ఒకే రకం జిప్పు ఉంటే సరుకు నిలవ తగ్గుతుంది, పరీక్షలు తగ్గుతాయి, పుస్తకంలో పేజీలు తగ్గుతాయి. పూత గుడ్డ తోలులా వంకరటింకరగా ఉండదు, రోలు అంతటా ఒకే వెడల్పు ఉంటుంది కాబట్టి, ముక్కలను ముందుగా కాగితం మీద అమర్చుకుంటే వృథా బాగా తగ్గుతుంది. మిగిలిన ముక్కలతో తాళపుగుత్తులు చేద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. ముక్క ఉచితమే గానీ మీ గంట ఉచితం కాదు, కాబట్టి వాటికీ పైన చెప్పిన లెక్కే వేయండి. బ్యాచ్ మారితే రంగు ఛాయ మారుతుంది; ఒక విడతకు కావలసినంతా ఒకే బ్యాచ్ నుంచి తీసుకోండి.

మీ దగ్గర కొనేవారంతా వీగన్లే అయి ఉండరు. అందంగా ఉందనీ, తేలిగ్గా ఉందనీ, చేతితో చేసిందనీ కొనేవారు ఎక్కువగా ఉండవచ్చు. అందుకే ఫొటోలో వస్తువును మనిషి చేతిలోనో భుజం మీదో చూపించి, కొలతలు, బరువు, లోపల ఏమేమి పడతాయో రాయండి. వీగన్ అయినవారు వర్ణన చివరిదాకా చదివి జిగురు గురించి అడుగుతారు. వారికి పుస్తకంలో చూసి అదే రోజు జవాబు ఇవ్వండి. అలా ఒకసారి నమ్మకం కుదిరినవారు మళ్లీ వస్తారు, నలుగురికీ చెబుతారు.

ఉద్యోగం విషయానికి వస్తే, ఒక పండుగ నెల అమ్మకాలు చూసి మానకండి. తెలిసినవారిని లెక్క నుంచి తీసేసి, అపరిచితుల నుంచి, తగ్గింపు ఇవ్వకుండా, పైన చెప్పిన పద్ధతిలో కట్టిన ధరకే వచ్చిన ఆర్డర్లను మాత్రమే చూడండి. ఏడాదిలో అమ్మకాలు బాగా తగ్గే నెలల్లో కూడా అవి మీ 90 గంటలనూ నింపుతూ, అందులో కొంత భాగం మళ్లీ కొన్నవారిదై ఉంటే, అప్పుడు ఉద్యోగం పనిగంటలను తగ్గించుకునే దారి ఉందేమో ముందు అడగండి; పూర్తిగా మానడం ఆ తరవాతి మెట్టు. ఈలోగా ఈ వారాంతంలోనే మీరు ఎక్కువగా అమ్ముతున్న ఒక్క సంచిని తీసుకుని కుట్లు విప్పి, పొరలన్నీ బల్ల మీద పరిచి, మొదటి పేజీ రాయండి. ఏ పొర దగ్గర పేరు రాయలేక కలం ఆగుతుందో, ఆ పొర అమ్మినవారికి సోమవారం మొదటి ఉత్తరం పంపండి.